మొదట మా కొట్టే పడగొట్టారు

మా ఆయన ఒకప్పుడు ఈ ఊరికి మేయరు. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంటారు. వయసు మళ్ళినవాళ్ళయితే, "సొంత కొట్టు పడగొట్టించుకున్న మనిషి కదమ్మా! అలాంటివాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?" అంటారు. నేను తలూపి ఊరుకుంటాను. ఆ రోజు పడింది ఒక్క మా కొట్టే కాదని వాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళు మరిచిపోయారు.

డెబ్బైల మొదట్లో నేను కాపరానికి వచ్చేసరికి మా కొట్టు వన్‌టౌన్‌లో, పోర్టు గేటుకి వెళ్ళే రోడ్డు మీద ఉండేది. కింద కొట్టు, పైన మేడ మీద రెండు గదుల్లో మేము. మా పక్కది తాళ్ళ కొట్టు. ఓడలకి మోకులు, లారీలకి టార్పాలిన్లు అమ్మే ముస్లిం కుటుంబం వాళ్ళది. ఆ కొట్టు యజమానిని నేను భాయ్ అనేదాన్ని. నిజానికి రెండు కొట్లూ కలిపి ఒకటే భవనం, భాయ్ వాళ్ళ నాన్న కట్టించినది. తర్వాత మధ్యలో గోడ లేపి ఇటు సగం భాయ్ మా ఆయనకి రాసిచ్చారు. అందుకే రెండిళ్ళకీ గోడ ఒకటే, దూలాలు ఒకటే. నేను ఇక్కడ కారం దంచితే అక్కడ వాళ్ళ అలమరలో గాజు గ్లాసులు గలగలమనేవి.

మా ఆయన వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చారు. పని వెతుక్కుంటూ పట్నం వస్తే మొదట తిండి పెట్టి పని ఇచ్చింది ఆ తాళ్ళ కొట్టే. పోర్టులో ఎవరితో ఎలా మాట్లాడాలో, లంగరేసిన ఓడ మీదకి నిచ్చెన పట్టుకుని ఎలా ఎక్కాలో భాయే నేర్పారు. అలా ఓడల్లోకి వెళ్ళి వస్తూ, ఆ నావికులకి తాళ్ళకంటే కోడిగుడ్లూ, బంగాళాదుంపలూ, సబ్బులే ఎక్కువ కావాలని మా ఆయన కనిపెట్టారు. భాయ్ పూచీ ఉండి పోర్టులో లైసెన్సు ఇప్పించారు. ఓడలకి సరుకులు సప్లై చేసే వ్యాపారం అలా మొదలయింది.

ఆ పనిలో నా చెయ్యి కూడా ఉంది. ఓడ వచ్చిందంటే తెల్లారకముందే మార్కెట్ నుంచి క్యాబేజీలు, టమాటాలు వచ్చి పడేవి. నేనూ, భాయ్ భార్యా కూర్చుని పుచ్చులు ఏరేవాళ్ళం. గుడ్లని వరిగడ్డిలో సర్ది పెట్టెలకెత్తేవాళ్ళం. ఆమెని నేను ఆపా అనేదాన్ని. అక్క అని అర్థమని ఆమే చెప్పింది. ఆమె నన్ను "సెల్లీ" అని పిలిచేది. రష్యా ఓడల వాళ్ళు ఇచ్చిన నల్ల రొట్టె ఒకసారి ఇద్దరం కొరికి, మొహాలు చిట్లించుకుని, నవ్వలేక చచ్చాం.

నాకు కడుపు నిలవలేదు. రెండోసారి పోయినప్పుడు ఆస్పత్రి నుంచి వచ్చి మంచం పట్టాను. అప్పుడు మా ఆయన ఓడ మీద ఉన్నారు. ఆపా తన ఇల్లు వదిలేసి నా మంచం పక్కనే పడుకుంది. నా జుట్టు చిక్కులు తీసింది, నా మురికి బట్టలు ఉతికింది. "ఏడు సెల్లీ, ఆపుకోకు. నా దగ్గరేటి సిగ్గు?" అంది. కన్నతల్లి కూడా అంతకంటే చెయ్యదు. ఆ మంచం మీద ఉన్న రోజుల్లో ఆపా నాకు ఎంత దగ్గరయిందో నాకు తెలుసు. మా ఆయనకి అది ఏనాడూ తెలియలేదనుకుంటాను.

వ్యాపారం పెరిగింది. లాంచీ కొన్నాం, లారీలు కొన్నాం. అవుటర్ హార్బరు వచ్చింది, పెద్ద ఓడలు వచ్చాయి. ఆ పక్క ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై, ఎక్కడెక్కడి జనమో ఊళ్ళోకి దిగారు. జనం పెరిగారు గానీ నీళ్ళు పెరగలేదు. ఒక వేసవిలో మా వీధి కొళాయిలు పూర్తిగా ఎండిపోయాయి. బిందెల దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. ఓడలకి మంచినీళ్ళు మోసే ట్యాంకర్లు మాకుండేవి. మా ఆయన ఆ ట్యాంకర్లని సందుల్లోకి పంపారు. లారీ వెళ్ళని చోటికి డ్రమ్ములు తోపుడు బళ్ళ మీద పెట్టి తనే తోసుకెళ్ళారు. ఆయన మీద నాకు ఎప్పుడైనా గర్వం కలిగిందంటే ఆ వేసవిలోనే. చొక్కా తడిసిపోయి, చేతులు కమిలిపోయి వచ్చి మెట్ల మీద కూలబడేవారు. ఆ మనిషి నాకు నచ్చాడు.

ఊరికి కార్పొరేషన్ వచ్చింది, ఎన్నికలొచ్చాయి. నిలబడమని మా ఆయనని మొదట అడిగింది భాయే.

"బావా, నువ్వు నిల్సో. గెలిపించడం మా పని" అన్నారు భాయ్. ఆయన మా ఆయనని ఎప్పుడూ బావా అనే పిలిచేవారు.

"నాకేటి తెల్సు భాయ్ రాజకీయాలు? కేబేజీలమ్ముకునేవోణ్ణి" అన్నారు మా ఆయన.

"కేబేజీ పుచ్చిందో నేదో పైన సూసి సెప్పీగలవు. మనుసుల్ని సెప్పలేవేటి?"

భాయ్ తన కొట్టులో టార్పాలిన్లు కుట్టే మిషన్ల మీద బ్యానర్లు కుట్టించారు. దర్గా కొండ కింద ఇళ్ళన్నీ తిరిగారు. ఆపా బురఖా వేసుకుని నాతో పాటు గుమ్మం గుమ్మం ఎక్కింది. మా ఆయన గెలిచారు, మేయరయ్యారు. ఆ సాయంత్రం భాయ్ మా మెట్ల కింద నిలబడి వచ్చిన ప్రతివాడి నోట్లోనూ మిఠాయి కుక్కారు. తనే మేయరయినట్టు.

మొదటి ఏడు బాగానే గడిచింది. మా ఆయన పొద్దున్నే నడుచుకుంటూ వెళ్ళి కాలవలు చూసేవారు. మద్దిలపాలెం అవతల కొత్తగా లేచిన కాలనీలకి దీపాలు వేయించారు. తర్వాత మెల్లగా ఏదో మారింది. లంచం తీసుకోలేదు, ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. ఆయనకి పట్టింది వేరే పిచ్చి. నిజాయితీపరుడని పేపర్లో రాస్తే ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకునేవారు. అన్నం తింటూ మళ్ళీ తీసి చదివేవారు. సింహాచలం చందనోత్సవానికి వెళ్తే, మేయరయి ఉండి క్యూలో నిలబడ్డానని పదిమందికి చెప్పేదాకా ఆయనకి తోచేది కాదు. దేవుణ్ణి చూశారో లేదో ఒక్కసారి కూడా చెప్పలేదు.

వ్యాపారం సంగతి పట్టించుకోవడం మానేశారు. మేయరు సరుకులమ్మితే బాగుండదని ఓడల వాళ్ళని కలవడమే మానుకున్నారు. కొట్టు నేనూ, ఒక గుమాస్తా నడిపాం. ఆయన తిరగనిదే ఆ వ్యాపారం ఎన్నాళ్ళు నడుస్తుంది? ఒక్కొక్క ఓడా చేయి జారిపోయింది.

అప్పుడొచ్చింది రోడ్డు వెడల్పు గొడవ. పోర్టుకి వెళ్ళే లారీలు మా రోడ్డు మీద గంటల తరబడి నిలిచిపోయేవి. రెండు వైపులా కొట్లు వెనక్కి జరపాలని కార్పొరేషన్ నిర్ణయించింది. ఆ రోడ్డు మీద సినిమా హాలుంది, పెద్ద బట్టల షాపులున్నాయి, ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళ గోదాములున్నాయి. అందరినీ పిలిచి టౌన్‌హాల్లో మీటింగు పెట్టారు. నన్నూ తీసుకెళ్ళారు. ముందు వరసలో ఆడవాళ్ళ కుర్చీల్లో కూర్చోబెట్టారు.

మీటింగులో బట్టల వ్యాపారి ఒకాయన లేచి, "మేయర్ గారూ, మా కొట్లు పడగొట్టీడానికి ముందు మీ కొట్టు సంగతేటో సెప్పండి. అదీ రోడ్డు మీదే గదా?" అన్నాడు. వెనక నుంచి ఈలలు వేశారు.

మా ఆయన మైకు దగ్గరకి వచ్చారు. ఆయన మొహంలోకి, పేపర్లో తన పేరు చదువుకునేటప్పటి ఆ వెలుగు రావడం నేను చూశాను. "మొట్టమొదట నా కొట్టే పడగొట్టిస్తాను. వచ్చే వారమే. నా చేతుల్తో నేనే మొదటి దెబ్బ వేస్తాను" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. పేపరు వాళ్ళు గబగబా రాసుకున్నారు. నాతో ఒక్క మాట చెప్పలేదు. నా పొయ్యీ, నా పడకా ఆ మేడ మీదే ఉన్నాయి. చప్పట్లు కొట్టకపోతే బాగుండదని పక్కావిడ నా మోచేతిని పొడిచింది. నేను కొట్టలేదు.

హాల్లో వెనకవైపు భాయ్ కూర్చుని ఉన్నారు. ఆయనా చప్పట్లు కొట్టలేదు. మా కొట్టు పడితే ఆయన కొట్టు నిలబడదని ఆయనకి తెలుసు, నాకు తెలుసు. గోడ ఒకటే, దూలాలు ఒకటే.

మర్నాడు భాయ్ మేడ మీదకి వచ్చారు. ఎప్పుడూ చనువుగా మంచం మీద కూర్చునే మనిషి ఆ రోజు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నారు.

"బావా, కొట్టద్దనను. నువ్వు మాటిచ్చీసినావు. వొర్షాలెల్లేదాకా ఆగు. ఇప్పుడు నాకు సీజను. లారీలోల్లు, పడవలోల్లు అందరూ ఇప్పుడే కొంటారు. సరుకంతా లోపలున్నాది. ఈ వొర్షంలో ఎక్కడ పెట్టుకోను?"

"పేపర్లో వొచ్చీసింది భాయ్. ఇప్పుడాగితే ఏటంటారు? నా కొట్టు కాపాడుకోడానికి నిన్ను అడ్డం పెట్టుకున్నానంటారు."

"అంటే అననీ. నాలుగు రోజులని మానీస్తారు."

"నీకు వేరే సైటిప్పిస్తాను. నాది పూచీ."

భాయ్ "సరే, నీ ఇష్టం" అని లేచి వెళ్ళిపోయారు. మెట్లు దిగుతున్నప్పుడు ఆయన చెయ్యి ఆ ఉమ్మడి గోడని పట్టుకుని దిగింది.

ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేదు. "ఆయన అడిగింది మీ పదవి కాదు, రెండు నెలల గడువు. నీడ ఇచ్చిన మనిషి నీడ తీసేస్తారా?" అన్నాను.

"నీకు తెల్దు. ఊరు మొత్తం నా వైపు సూత్తంది. ఇప్పుడు మెత్తబడితే ఈ రోడ్డు పడదు."

"రోడ్డు కోసమే అయితే అందరివీ కలిపి ఒకేసారి తీయించండి. మీకు రోడ్డు కాదు, చప్పట్లు కావాలి."

నా మీద చెయ్యెత్తారు. వెయ్యలేదు, దించేసుకున్నారు. అప్పటికి మా పెళ్ళయి పదేళ్ళు దాటింది. అంతకుముందెప్పుడూ చెయ్యెత్తలేదు.

చాలామంది భాయ్‌ని కోర్టుకి వెళ్ళమన్నారు. స్టే తేలిగ్గా వస్తుందని వకీలు కూడా చెప్పాడట. "మా బావ మీద నాను కోర్టుకెల్తానేటి?" అన్నారట భాయ్. ఆ మాట ఆపా నాకు చెప్పింది. అప్పుడు మేమిద్దరం వాళ్ళింట్లో టార్పాలిన్లు మడతలు పెడుతున్నాం. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది.

పడగొట్టే రోజు సన్నగా వాన పడుతోంది. రోడ్డు మీద జనం గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. ఫొటోలు తీసేవాళ్ళు ఎదురు అరుగులెక్కారు. ఎవరో మా ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. కొట్టు పడగొట్టడానికి దండ ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఆయన గునపం తీసుకుని గుమ్మం పక్క గోడకి ఒక పోటు పొడిచారు. ఫొటో తీశారు. సరిగా రాలేదని మళ్ళీ పొడవమన్నారు. మళ్ళీ పొడిచారు.

తర్వాత కూలీలు దిగారు. మా వైపు దూలాలు లాగుతుంటే అటువైపు పెంకులు జారి పడ్డాయి. భాయ్ సరుకు బయటికి చేరవేస్తూనే ఉన్నారు. సగం కూడా తీయకముందే ఉమ్మడి గోడ వంగింది. ఒకటి తప్ప కుట్టు మిషన్లన్నీ లోపలే ఉండిపోయాయి. జనం మేయర్ గారికి జిందాబాద్ కొట్టారు. ఎదురు అరుగు మీద ఆపా తడిసిన టార్పాలిన్ల కుప్ప పక్కన కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె జరగలేదు, చెయ్యి కూడా పట్టుకోలేదు. కాసేపటికి, "పో సెల్లీ, మీయాయన పిలుత్తన్నారు" అంది. నిజంగానే పిలుస్తున్నారు. దంపతుల ఫొటో కావాలట.

మర్నాడు పేపర్లో మా ఇద్దరి బొమ్మా వచ్చింది. ఆ వారంలోనే బట్టల వ్యాపారీ, సినిమా హాలు వాళ్ళూ, గోదాముల వాళ్ళూ వరసగా కోర్టుకి వెళ్ళారు. అందరికీ స్టేలొచ్చాయి. ఆ రోడ్డు మీద మా రెండు కొట్లు తప్ప ఇంకొక ఇటుక కదల్లేదు. ఆయన పదవిలో ఉన్నన్నాళ్ళూ కదల్లేదు, ఆ తర్వాతా కదల్లేదు. వరసగా ఉన్న కొట్ల మధ్య మా జాగా పన్ను ఊడిన చోటులా మిగిలింది. మొదట అక్కడ ఇటుక ముక్కలుండేవి. తర్వాత లారీ క్లీనర్లు ఒంటేలుకి అక్కడికే వెళ్ళడం మొదలుపెట్టారు. లారీలు ఎప్పటిలాగే నిలిచిపోయేవి.

మేము సముద్రం ఒడ్డున అద్దెకి బంగళా తీసుకున్నాం. కిటికీ తీస్తే గాలి, నీళ్ళు తప్ప మాట్లాడే మనిషి లేదు. భాయ్‌కి ఇప్పించిన సైటు మద్దిలపాలెం దాటాక ఎక్కడో తుప్పల్లో ఉంది. పోర్టుకి అంత దూరంలో మోకులెవరు కొంటారు? అయినా రేకుల షెడ్డు వేసుకుని, మిగిలిన ఒక్క మిషనూ పెట్టుకుని, రిక్షాలకి టాపులు కుట్టడం మొదలుపెట్టారని విన్నాం.

కొన్ని నెలలకి మా ఆయన నన్ను తీసుకుని అక్కడికి వెళ్ళారు. కార్పొరేషన్ కారులో వెళ్ళాం. భాయ్ మిషను ఆపి లేచి నిలబడ్డారు. కుర్చీ తుడిచి వేశారు. సోడాలు తెప్పించారు.

"ఎలాగున్నావు భాయ్?" అన్నారు మా ఆయన.

"అల్లా దయవల్ల బాగున్నాను, మేయర్ గారూ."

మా ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏటి భాయ్ కొత్తగా? బావా అను."

"అలాగంటే బాగుంటదాండీ? మీరు పెద్దోరు. ఇక్కడ వీధి దీపం నేదండి. మీ వాళ్ళకి సెప్పి ఒకటి వేయిస్తే మాలాటోలికి సదుపాయం."

అందులో వెటకారం లేదు. వెటకారముంటే మా ఆయన తట్టుకునేవారు. కార్పొరేషన్ ఆఫీసులో అర్జీ పెట్టుకునేవాడు ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడారంతే. దీపం మర్నాడే వేయించారు. కారులో తిరిగి వస్తూ, "సూసినావా, ఎంత పరాయిగా మాటాడినాడో!" అని భాయ్ మీదే నింద వేశారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పదవీకాలం అయిపోయింది. తర్వాత ఎన్నికల్లో పార్టీ వాళ్ళు టికెట్ ఇవ్వలేదు. అది ఎవరికి ఇచ్చారో చెప్తే నవ్వొస్తుంది. ఆ రోజు మీటింగులో లేచి అడిగిన బట్టల వ్యాపారి బావమరిదికి. "మీకు జనంలో మంచి పేరుంది, పదవి లేకపోయినా గౌరవం ఉంటుంది" అని సాగనంపారు. మర్నాటి నుంచి బంగళా గేటు తీసేవాడు లేడు. మా ఆయన తెల్ల చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవారు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు. తన పేరు ఎక్కడా కనపడక మళ్ళీ మొదటికి వచ్చేవారు. వ్యాపారం మళ్ళీ మొదలుపెడదామని పోర్టుకి వెళ్ళారు. గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ వాళ్ళు ఆయనని గుర్తుపట్టలేదు. లోపల ఓడలకి వేరేవాళ్ళు సరుకులిస్తున్నారు. వాళ్ళ లాంచీల్లో ఒకటి ఒకప్పుడు మాదే, రంగు మార్చారు.

ఎనభైల చివర్లో ఒక ఉదయం చేపలు కొనడానికి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను. చేపలమ్మే ముసలామె నన్ను గుర్తుపట్టి, "తాళ్ళ కొట్టు బాయిగోరు పోనారు గదమ్మా, నీకు తెల్దా? నెల దాటిపోనాది" అంది. నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. ఊరంతా తెలిసిన కబురు మా ఇంటికి రాలేదు. మాకు చెప్పకూడదని కాదు, చెప్పాల్సిన వాళ్ళలో మేము లేము.

ఇంటికి వచ్చి చెప్తే మా ఆయన నమ్మలేదు. తర్వాత వరండాలోంచి లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆయన ఏడుపు బయటికి వినపడింది. నేను తలుపు తట్టలేదు. సాయంత్రం బయటికి వచ్చి, "నన్నొక్క మాట అడిగుంటే బాగుండేది. నాను ఆపీసేవోణ్ణి" అన్నారు.

"అడిగారు. స్టూలు మీద కూర్చుని అడిగారు" అన్నాను.

అప్పటి నుంచి ఆ సంగతి మా ఇద్దరి మధ్యా రాలేదు. కలిసి భోంచేశాం, ఒకే కప్పు కింద పడుకున్నాం, మందులు ఒకరికొకరం గుర్తు చేసుకున్నాం. అంతే.

నేను ఒక్కదాన్నీ బస్సెక్కి ఆపా దగ్గరికి వెళ్ళాను. రేకుల షెడ్డు వెనక గదిలో ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. చాప చివర కొంచెం చోటిచ్చింది. నేను ఏడిస్తే చూస్తూ కూర్చుంది. ఏడవమనీ అనలేదు, ఏడవద్దనీ అనలేదు.

"మీయాయన ఒంట్లో ఎలాగున్నాది?" అని అడిగింది.

"బాగానే ఉన్నారు."

"మంచిది" అంది.

చాలాసేపు కూర్చున్నాను. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది, తాగాను. బస్సు వేళయిందని లేచాను. మళ్ళీ రమ్మని అంటుందేమోనని చెప్పులు తొడుక్కోవడం ఆలస్యం చేశాను. ఆమె చాప చుట్టి గోడకి ఆనించి, ముందు షెడ్డులోంచి ఎవరో పిలిస్తే అటు వెళ్ళిపోయింది.